వాలీబాల్ వలతో జింకల వేట

నేను జీవితంలో ఒకే ఒక్కసారి వేటకు వెళ్లాను. ఆ ఒక్కసారికే ముగ్గురి ఉద్యోగాలు, ఒక కంపెనీ పికప్ బండి, పదకొండు మంది రాత్రి భోజనం, వీటన్నిటితో పాటు నా పరువు గంగలో కలిసినంత పనైంది. జింకకు మాత్రం ఏమీ కాలేదు. పైగా అది ఆ రోజు కడుపునిండా పులిహోర తింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. రెడ్డెప్ప ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. మీరో పావుగంట నవ్వితే కొత్తగా పోయేదేముంది?

డెబ్భైలు వెళ్లిపోయి ఎనభైలు వస్తున్న రోజులవి. నాకు ఇరవై ఆరేళ్లు. కువైట్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. అంటే పెద్ద ఇంజినీర్లు గీసిన గీతల మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, మళ్లీ అవే గీతలు గీసేవాణ్ణి. కోనసీమలో మా ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం నేనే ఇంజినీర్ని.

ఫర్వానియాలో మూడో అంతస్తు గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. మూర్తిగారిది కాకినాడ. యాభై దాటిన మనిషి, మా కంపెనీలోనే టైమ్ కీపరు. గుడ్డు పెంకు చూసినా ముక్కు మూసుకునేంత శాకాహారి. రెడ్డెప్పది రాయచోటి దగ్గర పల్లె. కంపెనీ పికప్ తోలేవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. మూడేళ్ల తర్వాత అతనికి సెలవు దొరికింది. మరో నెలన్నరలో ప్రయాణం. అతను ఊరు వదిలాక పుట్టిన కూతుర్ని ఇంతవరకూ కళ్లారా చూడలేదు. ఆ పిల్ల కోసం కొన్న ఎర్ర గౌను మా గదిలో మేకుకి వేలాడుతుండేది. రోజూ పడుకునేముందు దాని దుమ్ము దులిపేవాడు.

ఒక శుక్రవారం నలుగురైదుగురు తెలుగువాళ్లు మా గదికి భోజనానికి వచ్చారు. ఎప్పుడూ లేనిది రెడ్డెప్ప నోరు విప్పి, చిన్నప్పుడు వాళ్ల గుట్టల్లో కుందేళ్లకు వలలు కట్టిన సంగతి చెప్పాడు. అందరూ అన్నం కలపడం మానేసి మరీ విన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంజినీర్ని నేనుండగా డ్రైవరు మాట వింటారా?

"కుందేళ్లదేముందండీ, మా తాతగారు జింకల్ని కొట్టేవారు," అన్నాను.

మూర్తిగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "కోనసీమలో జింకలేవిటయ్యా? కొబ్బరిచెట్లెక్కేవా?"

"కోనసీమలో కాదండీ, ఏజెన్సీకి వెళ్లి కొట్టేవారు. నేనూ వెళ్లేవాణ్ణి. అడుగు జాడ చూస్తే చాలు, ఎంత బరువుందో చెప్పేస్తానండి."

మా తాతగారు జన్మలో రాజమండ్రి దాటలేదు. ఆయన వేటాడిందల్లా ధాన్యం గాదె దగ్గర ఎలుకల్ని. ఆ పని కూడా ఎక్కువ భాగం పిల్లే చేసేది. కానీ అబద్ధం ఒకసారి నోరు దాటాక ఆగుతుందా? వినేవాళ్ల కళ్లు పెద్దవైనకొద్దీ నా జింకలూ పెద్దవయ్యాయి.

సంగతి అక్కడితో ముగిసిపోవలసింది. ముగియనివ్వలేదు మా సైటు కాపలాదారు అబూ సాలెం. గడ్డం నెరిసిన బదూ, అంటే ఎడారి తెగ ముసలాయన. ఒకరోజు టీ తాగుతూ, జహ్రా ఊరు దాటాక వచ్చే ముత్లా గుట్టల వైపు చెయ్యి చూపించి, "గజాల్ వాయిద్... అవ్వల్!" అన్నాడు. గజాల్ అంటే జింకని, వాయిద్ అంటే బోలెడని నాకు తెలుసు. అవ్వల్ సంగతి తెలియనిదెవరికి? హైదరాబాదు దుకాణాల్లో అవ్వల్ దర్జా బియ్యం, అవ్వల్ దర్జా నెయ్యి అంటారు కదా. జింకలు బోలెడున్నాయి, అవీ మొదటిరకం జింకలు! నా మొహం చూసి ముసలాయన ఉత్సాహపడి, తాను కూడా వచ్చి ఆ చోటు చూపిస్తానన్నాడు.

ఈ మాట గదిలో చెప్పగానే రెడ్డెప్ప, "ఆ ముసలాయన్ను ఎంటబెట్టుకోని పోదాం సామీ. తెలీని సోటు గదా," అన్నాడు.

"నాకు దారి చూపించడానికి మనిషి కావాలా? డ్రాయింగ్ ఆఫీసులో కూర్చుని కువైట్ మొత్తం గీస్తున్నది ఎవరనుకున్నావు?"

రెడ్డెప్ప నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకి అర్థం అప్పుడే అడిగి ఉంటే మీకు ఈ కథ చెప్పే పని తప్పేది.

ఇక మొదలైంది నా ప్లాను. రెండు వారాలు ఆఫీసులో కంపెనీ పని తప్ప అన్నీ చేశాను. నలభై పేజీల నోటుబుక్కు కొని, మొదటి పేజీ మీద 'వేట' అని అందంగా రాసి, కింద రెండు గీతలు గీశాను. గాలి ఎటునుంచి వీస్తే ఎటు కూర్చోవాలో బొమ్మలు వేశాను. పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి పొంచి ఉండాలి, ఎన్నింటికి జింక రావాలి అన్నీ రాశాను. తుపాకీ మనకెవరిస్తారు? అందుకని వల. వల ఎక్కడిది? కంపెనీ క్యాంపులో చిరిగిన వాలీబాల్ వల ఒకటి పడి ఉంటే తెచ్చి, రెడ్డెప్ప చేత చిరుగులు కుట్టించాను.

అన్నిటికన్నా గొప్ప పని మ్యాపు. కంపెనీ సర్వే షీటు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ముత్లా గుట్టల చుట్టుపక్కల భాగమంతా ఎత్తి గీశాను. మా చీఫ్ చూస్తే ఏమిటని అడుగుతాడని భయపడి ఒక్క అక్షరం కూడా రాయలేదు. గుట్టకు త్రికోణం, బావికి సున్నా, మట్టిదారికి చుక్కలు, జింకలు ఉండవలసిన లోయకు ఒక ఇంటూ మార్కు. ఆ కాగితాన్ని ఈ పక్క నుంచి చూసినా, ఆ పక్క నుంచి చూసినా ఒకేలా ఉంటుందన్న సంగతి మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మూర్తిగారు ఒక సాయంత్రం కళ్లద్దాలు పెట్టుకుని నా నోటుబుక్కు మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు... బాగుంది. పెద్ద డేగిసా రెండు. ఇదీ బాగుంది. అవునుగానీ రత్నం, జింకని పట్టాక చంపేదెవరు?"

నేను నోటుబుక్కు లాక్కుని పేజీలు తిప్పాను. మసాలా నూరేది ఎవరో ఉంది. గిన్నెలు తోమేది ఎవరో ఉంది. అది మాత్రం లేదు.

"రెడ్డెప్ప," అన్నాను.

"నేనా? నాతో కాదు సామీ. కుందేలును పట్టిచ్చేదే నా పని. కోసేది మా మామ," అన్నాడు రెడ్డెప్ప.

"సరే, అప్పటికి చూద్దాం," అని ఆ పేజీలో 'అప్పటికి చూద్దాం' అనే రాసుకున్నాను.

అప్పటికే ఫింటాస్‌లో ఉన్న రెండు కుటుంబాలతో సహా పదకొండు మందిని శుక్రవారం రాత్రి జింక మాంసం విందుకు పిలిచేశాను. ఫింటాస్ అక్కయ్యగారైతే, "తమ్ముడూ, తోలు పారేయకు, మా పూజ గదిలోకి కావాలి," అని ముందే చెప్పేశారు.

శుక్రవారం తెల్లవారగానే బయల్దేరాం. జనవరి చలి. నిజానికి సెలవు రోజున పికప్ సరుకులకు మాత్రమే వాడాలి, ఊరు దాటకూడదు. సాయంత్రం ఐదింటికల్లా యార్డులో పెట్టెయ్యాలి. బండి ఎడారిలో దిగబడినా, ఎవరైనా నంబరు రాసుకున్నా రెడ్డెప్ప సెలవు పోయినట్టే, పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోనే ఉండిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను, అయినా వచ్చాడు. ఆ వయసులో స్నేహితుడి మంచితనాన్ని నేను నా గొప్పతనంగా లెక్కేసుకునేవాణ్ణి.

మూర్తిగారు వేట చూడ్డానికి కాదు, గాలి మారుతుందని వచ్చారు. నాలుగు గిన్నెల క్యారియరు నిండా పులిహోర, మెడకు మఫ్లరు, చేతిలో గొడుగు. ఎడారిలో వాన ఎందుకొస్తుందని అడిగితే, "జింక వస్తుందని నువ్వనుకోలేదూ?" అన్నారు.

జహ్రా దాటాం. ముత్లా గుట్టలు కనిపించాయి. వాటిని గుట్టలనడానికి రెడ్డెప్ప ఒప్పుకోలేదు. "మా ఊర్లో ఈటిని గట్లంటారు సామీ," అన్నాడు. నేను దర్జాగా మ్యాపు మడత విప్పి ఒళ్లో పరిచాను. దాని ప్రకారం తారు రోడ్డు వదిలి కుడివైపు మట్టిదారిలోకి తిరగాలి.

"కుడికి!" అన్నాను.

తిరిగాం. పావుగంట పోయాక మూర్తిగారు గొడుగు విప్పి అద్దానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏవయ్యా, ఎండ వీపుకి తగుల్తూ వెళ్తామని నోటుబుక్కులో రాశావు. ఇక్కడ కళ్లల్లో పొడుస్తోందేవిటి?"

"ఎడారిలో ఎండ అలాగే ఉంటుందండీ."

"ఎలాగ? తూర్పున కాకుండానా?"

"ఇసక మీద పడి తిరిగొస్తుందండి."

మూర్తిగారు నా మొహం వైపు చూసి, మఫ్లరు సర్దుకున్నారు. ఇంజినీరింగు విషయాల్లో ఆయన తలదూర్చరు.

మ్యాపులో మట్టిదారి రెండుగా చీలాలి, చీలింది. కాకపోతే ఒక పాయ ఉండాల్సిన వైపు లేదు. బావి ఉండాల్సిన చోట పాత టైర్లు ఉన్నాయి. గుట్ట ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఏమీ ఉండకూడని చోట గుట్ట ఉంది. "సర్వే వాళ్లు తప్పు గీసుంటారు," అన్నాను. ఒక దేశపు నేల మొత్తం తప్పయినా పరవాలేదు గానీ, నేను తప్పనే ఆలోచన నాకు రాలేదు. చివరికి ఒక పల్లం దగ్గర బండి ఆపించి, "ఇదే లోయ," అని ప్రకటించాను.

దిగి చూస్తే, నా అదృష్టం ఏమని చెప్పను! ఇసక మీద గిట్టల గుర్తులు. చిన్నవి, చీలినవి, స్పష్టంగా వరుసగా ఉన్నాయి.

"చూశారా?" అని మోకాళ్ల మీద కూర్చుని, రెండు వేళ్లతో కొలిచాను. "మగది. పాతిక కిలోలు. ఎడమ కాలు కాస్త కుంటి."

"పక్కన చెప్పుల జాడ గూడా వుంది సామీ. అదెన్ని కిలోలు?" అన్నాడు రెడ్డెప్ప.

వినిపించుకోలేదు. రెండు ఇనుప రాడ్లు పాతి వాలీబాల్ వల కట్టాం. దానిమీద ఎండు కంపలు పరిచాం. నేనూ రెడ్డెప్పా ఒక దిబ్బ వెనక బోర్లా పడుకున్నాం. మూర్తిగారు ఎంత చెప్పినా పడుకోలేదు. బట్టలు మాసిపోతాయని బండి వెనక తలుపు దించి, దానిమీద కూర్చుని క్యారియరు విప్పారు. ఇంగువ వాసన కువైట్ ఎడారంతా వ్యాపించింది.

గంట గడిచింది. నా మోచేతులు మొద్దుబారాయి. అప్పుడు వినిపించింది మూర్తిగారి గొంతు, రహస్యంగా.

"రత్నం... ఒరే రత్నం..."

"మాట్లాడకండి!"

"మాట్లాడక తప్పేట్టు లేదయ్యా. వెనక్కి తిరుగు."

తిరిగాను. వల ఇటు ఉంటే జింక అటు ఉంది. బండి పక్కన నిలబడి, మూర్తిగారి అరచేతిలోంచి పులిహోర తింటోంది. వేరుశనగ గుళ్లు ముందు ఏరుకుని, కరివేపాకు ఉమ్మేస్తోంది.

ఏం అందం! లేత గోధుమ రంగు ఒళ్లు, తెల్లటి పొట్ట, కాటుక పెట్టినట్టు కళ్లు. వెళ్లి పక్కన కూర్చుని నేనూ పెట్టొచ్చు కదా? పదకొండు మంది గుర్తొచ్చారు. మెల్లగా వల ఊడబీకి, రెండు చేతులా పట్టుకుని, పిల్లిలా నడిచి, ఒక్క గెంతు గెంతి విసిరాను. వల గాలిలో గుండ్రంగా తిరిగింది. తర్వాత నాకు తెలిసిందల్లా, నేను ఇసకలో వెల్లకిలా ఉన్నాను, నా చెయ్యి ఒక కంతలోంచి, కాలు ఇంకో కంతలోంచి బయటికొచ్చాయి, జింక నా మొహం మీదకి వంగి వాసన చూస్తోంది. చూసి, జేబులోంచి జారిన నోటుబుక్కు అందుకుని, గాలి దిశల పేజీ నమలడం మొదలుపెట్టింది.

"దీని మెడకు తాడుంది సామీ. నీలం పూస గూడా వుంది," అన్నాడు రెడ్డెప్ప.

"ముళ్లకంప తగులుకునుంటుంది."

"పూస ముడేసి గట్టినారు. ఇది ఎవురో సాకినేది."

నేను వలలోంచి బయటపడేలోపు జింక తనంతట తానే ఎగిరి పికప్ వెనక ఎక్కి, మసాలా సంచి పక్కన కాళ్లు మడుచుకుని పడుకుంది. రోజూ ఎక్కే బండిలా ఉంది దాని వరస. మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. ఇంకొకరి పెంపుడు జంతువు, మన బండిలో, కంపెనీ నంబరు ప్లేటుతో. 

"దింపు, దింపు! ముందు దింపండీ!" అని నేను కొమ్ములు పట్టుకుని లాగుతుంటే, అది ఆట అనుకుని నన్ను వెనక్కి నెడుతోంది. సరిగ్గా అప్పుడు గట్టు మీద ఒక మనిషి కనిపించాడు. నెత్తికి గుడ్డ చుట్టుకుని, పొడవాటి కర్ర ఎత్తి, అరబీలో అరుస్తూ పరుగున వస్తున్నాడు.

మూర్తిగారు లేచి, చేతులు జోడించి, తనకొచ్చిన అరబీ అంతా ఒకే ఊపిరిలో అనేశారు. "సలామలేకుం, మాఫీ ముష్కిల్, షుక్రన్, ఖలాస్!" నమస్కారం, ఏం ఇబ్బంది లేదు, థాంక్స్, అయిపోయింది అని.

ఆ మనిషి దగ్గరికొచ్చి, బండిలో జింకను చూసి, కర్ర నేలకేసి కొట్టి అరిచాడు. "యాడికెత్తకపోతాండార్రా మా లచ్చిమిని? మీ చేతులు పడిపోనూ!"

 ఎడారి నడిమధ్యలో ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు అంత అచ్చమైన తెలుగు తిట్టు!

రెడ్డెప్ప ముందుకు వెళ్లాడు. "అన్నా, మనది యా ఊరు?"

మళ్లీ కర్ర ఎత్తబోయిన చెయ్యి అలాగే నిలిచిపోయింది.  "ఏమన్యావు? ఇంగోసారి అనుబ్బా," అన్నాడు.

"మనది యా ఊరని అడిగినా. నాది రాయచోటి పక్క."

కర్ర వదిలేసి అతను ఇసకలో కూలబడ్డాడు. పేరు ఓబులేసు. కడప జిల్లా మనిషి. ఆ గట్టు అవతల అతని కఫీలు, అంటే వీసా ఇచ్చి కొలువులో పెట్టుకున్న కువైటీ పెద్దమనిషి, గొర్రెలు, ఒంటెలు పెంచే దొడ్డికి కాపలా. ఏడు నెలలుగా తెలుగు మాట చెవిన పడలేదట. "గొర్రెల్తో మాట్లాడతా, లచ్చిమితో మాట్లాడతా. అవి ఎదురు పలకవు గదప్పా," అన్నాడు. తిట్టడానికి వచ్చినవాడు కళ్లు తుడుచుకుంటుంటే, దొంగతనానికి వచ్చిన మేం ఎటు చూడాలో తెలియక ఇసకలోకి చూశాం.

"అయినా ఈడికెందుకొచ్చినారు?" అన్నాడు కాస్త తేరుకుని.

అబూ సాలెం చెప్పిన మాట చెప్పాను. ఓబులేసు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "అవ్వల్ అంటే మొదటిరకం గాదు సామీ! ఈళ్ల మాటలో అవ్వల్ అంటే ముందటి కాలంలో అని. వాళ్ల తాతల నాడు వుణ్ణెంట జింకలు. ఇప్పుడీ మట్టున వుండేది ఈ లచ్చిమొక్కటే."

మూర్తిగారు గొడుగు ముడిచి, దాని కొనతో నా చేతిలోని మ్యాపుని చూపించారు. "అది కూడా ఓసారి తిరగేసి చూడు నాయనా."

తిరగేశాను. బావి బావిలా, గుట్ట గుట్టలా, లోయ లోయలా కనిపించాయి. అన్నీ రోడ్డుకి అవతలి పక్క. పొద్దుటినుంచీ నేను కాగితాన్ని వెనకవైపు నుంచి చదువుతున్నాను. రెడ్డెప్ప బండి టైరుకి ఆనుకుని, కడుపు పట్టుకుని, శబ్దం రాకుండా నవ్వాడు. ఆ నవ్వే ఇప్పటికీ సాగుతోంది.

అప్పుడే గట్టు వెనక దుమ్ము లేచింది. ఓబులేసు మొహం పాలిపోయింది.

"కఫీలొచ్చినాడు! ప్రార్థన కాంగానే పిల్లకాయల్తో లచ్చిమిని చూసేదానికొస్తాడు. దొడ్డి తలుపు తీసిడిసినట్ల తెలిస్తే నా పనైపాయె!"

తలుపు వేయడం మరిచి లక్ష్మిని వదిలేసింది అతను, పట్టుకుపోబోయింది మేం. అతనికి కొలువు, రెడ్డెప్పకి సెలవు, రెండూ ఆ దుమ్ములోనే ఉన్నాయి. రెడ్డెప్ప నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడలేదు, కోప్పడలేదు. బండి నంబరు ప్లేటు ముందుకెళ్లి అడ్డంగా నిలబడ్డాడంతే. అలా నిలబడ్డ మనిషిని చూసినప్పుడు, నా నోటుబుక్కు నలభై పేజీల్లో అతని కూతురి మాట ఒక్కచోట కూడా లేదని నాకు తట్టింది. ఇంతవరకూ మీరు నవ్వారు, ఈ ఒక్క చోట నవ్వకపోయినా ఫరవాలేదు.

పెద్ద కారు వచ్చి ఆగింది. కఫీలు దిగాడు. లావుపాటి, నిదానం మనిషి. వెనకే నలుగురు పిల్లలు. ఆయన మమ్మల్ని, బండిలో లక్ష్మిని, ఇసకలో వలని ఒక్కొక్కటే చూశాడు.

"ఎవరు వీళ్లు?" అన్నాడు అరబీలో.

"అఖూయ్, బాబా!" అన్నాడు ఓబులేసు. నా అన్నదమ్ములు, నన్ను చూడ్డానికొచ్చారు అని.

కఫీలు మఫ్లరు కట్టుకున్న మూర్తిగారిని, నన్ను, రెడ్డెప్పని మార్చి మార్చి చూశాడు. ముగ్గురిలో ఏ ఇద్దరికీ పోలిక లేదు. అయినా తల ఊపి, వల వైపు వేలు చూపించాడు. "ఇదేమిటి?"

 ఓబులేసు తడబడ్డాడు. అప్పుడు కాపాడింది మూర్తిగారు. గొడుగు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి, లేని బంతిని ఆకాశంలోకి కొట్టి చూపించారు. "వాలీబాల్, సార్! వాలీబాల్!"

పిల్లలు ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. వాళ్ల కారులో నిజంగానే బంతి ఉంది. "యల్లా! యల్లా!" అని మా చేతులు పట్టుకుని లాగారు.

ఇక చెప్పేదేముంది? లక్ష్మితో సహా బండిని దొడ్డి దగ్గరికి తోలుకెళ్లాం. పికప్‌కీ అక్కడి నీళ్ల ట్యాంకుకీ మధ్య వల కట్టి రెండు గంటలు ఆడాం. నేను బడిలో కూడా బంతి ముట్టుకోలేదు. వచ్చిన ప్రతి బంతినీ ముక్కుతోనే ఆపాను. మూర్తిగారు పంచె ఎగ్గట్టి నిలబడి, బంతి తన వైపు వస్తే మర్యాదగా పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. రెడ్డెప్ప మాత్రం పులిలా ఆడాడు. కఫీలు చాప మీద కూర్చుని, మేం పడ్డప్పుడల్లా తొడ చరుచుకుని నవ్వాడు. వెళ్లేటప్పుడు మాకు టీ పోయించి, ఓబులేసుతో, "నీ అన్నదమ్ములు మంచివాళ్లు. మళ్లీ రమ్మను. ఆట మాత్రం నేర్చుకుని రమ్మను," అన్నాడట. లక్ష్మి దొడ్డిలోంచి ఎలా బయటికొచ్చిందని అడగనే లేదు.

కారు కనుమరుగయ్యాక నలుగురం ఇసకలో చతికిలబడ్డాం. నేను రెడ్డెప్ప చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాను. "లేదులే సామీ. బంతాట బాగుణ్ణింది," అన్నాడు.

బయల్దేరబోతుంటే ఓబులేసు ఒక నలిగిన ఎయిర్ మెయిల్ కాగితం తెచ్చాడు. అతనికి రాయడం రాదు. ఏడు నెలల్లో భార్యకి ఒక్క ఉత్తరం కూడా లేదు. జింకను ఎత్తుకుపోబోయినందుకు జుర్మానా, జాబు రాయాలట. సంతోషంగా కలం తీశాను. మిగతా ఇద్దరూ పక్కనే కూర్చుని విన్నారు. అతను చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాడు.

"లచ్చుమమ్మకు రాసేదేమనగా, నేను బాగుండాను. జింకకు నీ పేరే పెట్టినా, అదీ బాగుంది. ఈ పొద్దు ఈడికి ముగ్గురొచ్చినారు. ఒగాయన మన పక్కోడే, బంగారట్లాటోడు. ఇంగొగాయన పెద్దాయన, నాకు పులిహోర పెట్టినాడు. మూడో ఆయన పిచ్చోడు..."

కలం ఆపాను.

"రాయి సామీ, ఒట్టేసినావు. మూడో ఆయన పిచ్చోడు. జింకను పట్టల్లని వచ్చి ఆయనే వలలో పడినాడు. తనే ఇంజినీరంటాడు. ఆ పిచ్చాయనే ఈ జాబు రాస్తా వుండాడు."

రాశాను. పొల్లు పోకుండా రాశాను. జవాబు రావడానికి దొడ్డికి పోస్టు లేదు కాబట్టి కింద మా గది చిరునామా రాశాను.

బండి ఐదుకు పది నిమిషాలుండగా యార్డులో పెట్టేశాం. రాత్రి పదకొండు మందీ వచ్చి, ఓబులేసు దొడ్డి పక్కన పెంచి కట్టిచ్చిన తోటకూరతో పులుసు చేసుకుని తిన్నారు. నా జింకల కథలు ఇక ఎవరూ అడగలేదు. ఫింటాస్ అక్కయ్యగారు ఒక్కరే నా ముక్కు వాపు చూసి, "పాపం, జింక తన్నిందా?" అన్నారు. అవునని ఒప్పేసుకున్నాను. రెడ్డెప్ప అనుకున్న రోజునే విమానం ఎక్కి వెళ్లి, కూతుర్ని ఎత్తుకున్నాడు. గౌను పొట్టిదైందట.

నెలన్నరకి కడప నుంచి నా పేరు లేని ఒక కవరు వచ్చింది. పైన చిరునామాకి ముందు 'పిచ్చాయన గారికి' అని ఉంది. పోస్టు తెచ్చిన మనిషి అనుమానం లేకుండా నా చేతికే ఇచ్చాడు. లోపల జాబు మాత్రం ఓబులేసుకి, లచ్చుమమ్మ ఊరి బడి పంతులు చేత రాయించింది. "నీ జాబు చేరింది. పంతులయ్య ముమ్మారు చదివినాడు. ఆ పిచ్చాయన చేతిరాత ముత్యాల మాదిరుందని పంతులయ్య అన్నాడు. ఇంగ పైన ఏ జాబైనా ఆ పిచ్చాయన చేతనే రాయించు. బుద్ధి గలోల్లు ఎవురూ అంత దూరమొచ్చి రాయరు."

నెలకో శుక్రవారం ఆ దొడ్డికి వెళ్లి జాబులు రాసుకొచ్చేవాణ్ణి, నా సొంత ఖర్చుతో టాక్సీలో, దారి తెలిసిన అబూ సాలెంని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని.

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట నేను వేట అన్న పని తలపెట్టను. దోమని కొట్టాల్సి వచ్చినా ముందు దాని మెడలో పూస ఉందేమో చూసి, ఇంట్లో వాళ్లని అడిగి, అప్పుడే కొడతాను.